రాండమ్ ఎన్‌కౌంటర్ అనగానే టేబుల్ డల్ అయిపోతోందా? ఏం చూడాలి, ఏం మార్చాలి

బెంగళూరులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) లాంటి, పాత్రలు ధరించి డైస్‌తో కథ నడిపే ఆటకి దొరికేదే ఆదివారం మధ్యాహ్నం. ఒకడు వైట్‌ఫీల్డ్ నుంచి, ఇంకొకడు సిల్క్ బోర్డ్ దగ్గర ఇరుక్కుని ఎలక్ట్రానిక్ సిటీ నుంచి, ఎప్పటికో మారతహళ్ళి చేరి కూర్చునేసరికి మిగిలేది మూడు గంటలు. అందులో సగం రాండమ్ ఎన్‌కౌంటర్‌కి, అంటే డైస్ వేసి పట్టికలో చూస్తే దారిలో తగిలిన నాలుగు తోడేళ్ళతో కొట్టుకోవడానికే పోతే "ఇవి తీసేద్దాం మామా" అని ఎవరో ఒకరు అంటారు. తీసేయక్కర్లేదు. పట్టికతో పాటు వాడాల్సిన చిన్న రూల్స్‌ని మనవాళ్ళు వదిలేస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

సమస్య: ప్రతి ఎన్‌కౌంటరూ కొట్లాటే

"ఓర్కులు, ఆరుగురు" అని డైస్ చెప్పగానే డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) "ఇనిషియేటివ్ వేయండి" అనేస్తాడు, అంటే ఎవరు ముందు కొట్టాలో తేల్చే డైస్. ఎంత దూరంలో ఉన్నారు, ఎవరు ఎవర్ని ముందు చూశారు, వాళ్ళ మూడ్ ఏంటి అన్న ప్రశ్నలు గాల్లో కలిసిపోతాయి. 1981 బేసిక్ డి అండ్ డిలో వీటన్నిటికీ డైస్ ఉంది. డంజన్‌లో (నేలమాళిగలో) దూరం తెలియాలంటే 2డీ6, అంటే ఆరు ముఖాల డైస్ రెండు, వేసి పదితో గుణించి అడుగుల్లో చూసుకోండి. డీ6 మీద 1 గానీ 2 గానీ పడితే ఆ పక్షం ఏమరుపాటుగా ఉన్నట్టు. మూడ్‌కి మళ్ళీ 2డీ6: 2 పడితే వెంటనే మీద పడతారు, 3 నుంచి 5 అయితే పళ్ళు కొరుకుతుంటారు, కొట్టినా కొట్టొచ్చు, 6 నుంచి 8 అయితే ఎటూ తేల్చుకోలేక చూస్తుంటారు, 9 నుంచి 11 అయితే తమ దారిన పోతారు లేదా బేరానికి వస్తారు, 12 అయితే ఏకంగా స్నేహమే. లెక్క వేస్తే 36లో 16 సార్లు "ఎటూ తేలని" ఫలితమే వస్తుంది, వెంటనే దాడి మాత్రం 36లో ఒక్కసారే.

దీనికి తోడు వాళ్ళు ఆ క్షణంలో ఏం చేస్తున్నారో ఒక్క ముక్క అనుకోండి. గాయపడ్డ తోటివాణ్ణి మోసుకెళ్తున్నారా, దోచుకున్న సొమ్ము పంచుకోవడంలో తగువు పడుతున్నారా? ఇంతమాత్రం చెబితే చాలు, ప్లేయర్లు నోరు విప్పుతారు. ఇక బేరం మనవాళ్ళకి నేర్పాలా, రోజూ ఆటో డ్రైవర్ "మీటర్ మీద యాభై" అంటే చేసేదే కదా!

కొట్లాట వచ్చినా చచ్చేదాకా సాగనక్కర్లేదు. శత్రువుల్లో మొదటివాడు పడినప్పుడు, సగంమంది పడినప్పుడు మొరాల్ (ధైర్యం) చెక్ వేయండి: 2డీ6లో వాళ్ళ మొరాల్ అంకె కన్నా ఎక్కువ పడితే పారిపోతారు లేదా లొంగిపోతారు. గంట పట్టే ఫైట్ ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది.

సమస్య: ఎవరికీ భయం లేదు, ప్రతి గోడా తట్టి చూస్తున్నారు

రహస్య తలుపుల కోసం తడుతున్నారు, టైమ్‌కి ఖరీదు లేకపోతే ఎందుకు తట్టరు? నోట్‌బుక్‌లో పది నిమిషాలకో టిక్ పెట్టండి, పాత ఆటలో దాన్నే టర్న్ అంటారు. రెండు టర్న్‌లకోసారి డీ6 వేయాలి, 1 పడితే ఎవరో వస్తున్నట్టు. డీఎం ముందుండే అట్ట స్క్రీన్ వెనక కాకుండా అందరి కళ్ళ ముందే వేయండి. కాగడా ఆరు టర్న్‌లు వెలుగుతుంది, దాన్నీ అదే పేజీలో కొట్టేస్తూ పోండి.

ఇక్కడ ఎక్స్‌పీ (లెవెల్ పెంచే పాయింట్లు) సంగతి కూడా చూసుకోవాలి. పాత రూల్స్‌లో డంజన్ నుంచి బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ, రాక్షసుణ్ణి చంపితే దక్కేది చాలా తక్కువ, కాబట్టి తిరిగే రాక్షసులు అంటే ఒళ్ళు హూనం తప్ప లాభం లేదు, పార్టీ (ప్లేయర్ల గుంపు) తప్పించుకునే దారి వెతుకుతుంది. చంపడానికే ఎక్స్‌పీ ఇస్తే "వచ్చింది రా ఎక్స్‌పీ" అని ఎదురెళ్తారు. టైమ్‌కి ఖరీదు పెట్టకుండా, చంపడానికే ఎక్స్‌పీ ఇస్తూ భయం లేదంటే ఎలా?

సమస్య: ప్రయాణంలో విజార్డ్ (మంత్రగాడు) మంత్రాలన్నీ పేల్చేసి పడుకుంటున్నాడు

డి అండ్ డి ఐదో ఎడిషన్ ఆడేవాళ్ళ తలనొప్పి ఇది. 2014 డీఎం గైడ్ లెక్క ప్రకారం రెండు లాంగ్ రెస్ట్‌ల (మంత్రాలు, బలం తిరిగొచ్చే నిద్రల) మధ్య ఆరు నుంచి ఎనిమిది ఓ మోస్తరు ఫైట్లు పడాలి. అడవి దారిలో రోజుకి ఒకటి పడుతుంది, ఐదో లెవెల్ విజార్డ్ ఉన్న రెండు ఫైర్‌బాల్‌లూ వేసేసి గుర్రు పెడతాడు. అలాగని ఎన్‌కౌంటర్లు పెంచితే సెషన్ మొత్తం దారిలోనే అయిపోతుంది. రెస్ట్‌ని మార్చండి: అదే గైడ్‌లో షార్ట్ రెస్ట్ (చిన్న విరామం) ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు అనే ఆప్షన్ ఉంది. అంత కఠినం వద్దనుకుంటే ఊళ్ళో, కప్పు కింద పడుకుంటేనే లాంగ్ రెస్ట్ అనండి. క్యాంపెయిన్ (చాలా సెషన్‌లు సాగే కథ) మొదలవ్వకముందే చెప్పాలి సుమా, మధ్యలో మారిస్తే విజార్డ్ ఆడేవాడు అలుగుతాడు, అందులో న్యాయం కూడా ఉంది.

సమస్య: వచ్చినవాటికీ కథకీ సంబంధం లేదు

ఎక్కడో దొరికిన వంద వరసల పట్టిక వాడుతున్నారు కాబట్టి. మీ అడవికి మీరే 2డీ6 పట్టిక రాసుకోండి, పదకొండు వరసలే. 6, 7, 8 దగ్గర అక్కడ నివాసం ఉండేవాళ్ళు, 2, 12 దగ్గర అరుదైనవి. కొన్ని వరసల్లో ప్రాణి వద్దు, అడుగుజాడలో, కాలిన గుడారమో చాలు. గోబ్లిన్‌లు రెండోసారి పడితే, వాళ్ళు మొన్న పారిపోయినవాళ్ళే.

సమస్య: ఒకటో లెవెల్ పార్టీకి డ్రాగన్ పడింది

పడనివ్వండి. ఆకాశంలో నీడగా, దూరంగా చూపించండి. అదే మీ వెంట పడేది ఏ బుద్ధిలేని జంతువో అయితే తిండి పారేయమనండి, డీ6 మీద 1 నుంచి 3 పడితే ఆగి తింటుంది. తెలివైనదైతే తిండికి ఆగదు, బంగారం పారేయాలి. ఈ రూల్ ఉందని ప్లేయర్లకి ముందే చెప్పకపోతే మాత్రం పారిపోవాలన్న ఆలోచనే వాళ్ళకి రాదు.