రిచీ స్ట్రీట్ టేపుతో లూనార్ మాడ్యూల్

ప్లాస్టిక్ ముక్కలు అతికించి మోడల్ బొమ్మలు కట్టడం కొత్తగా మొదలెడుతుంటే, మొదటి కిట్టే సాటర్న్ 5 రాకెట్ కొనకండి. గొట్టం మీద గొట్టమే కదా, ఏముంది అనిపిస్తుంది గానీ 1/144 స్కేల్లో, అంటే అసలుదానికి 144వ వంతులో కూడా అది 76 సెంటీమీటర్లు దాటుతుంది, ఆ పొడవునా అతుకులు కనబడకుండా రుద్దేసరికి ఓపిక అయిపోతుంది, పైగా మన చెన్నై ఫ్లాట్లలో అంత బొమ్మ ఎక్కడ పెడతాం? 1/48 అపోలో లూనార్ మాడ్యూల్, అదే చంద్రుడి మీద దిగిన వాహనం, తీసుకోండి. 15 సెంటీమీటర్ల ఎత్తు, టీవీ పక్కన సరిపోతుంది.

కిట్‌లో ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ ఫ్రేమ్‌కి అతుక్కుని వస్తాయి, వాటిని చేత్తో విరిచారంటే దాంతోపాటు చిన్న పెళ్ల ఊడొస్తుంది. సైడ్ కట్టర్‌తో కాస్త ఎడంగా కత్తిరించి, మిగిలిన మొటిమను బ్లేడుతో చెక్కి, 400 నంబరు ఉప్పుకాగితంతో, ఆ తర్వాత 800తో రుద్దండి. జిగురు ముట్టుకునే ముందు ఉత్తినే ఒకసారి కూర్చి చూసుకోవాలి. ప్లాస్టిక్ సిమెంట్ మామూలు జిగురులా పనిచేయదు, రెండు అంచుల్నీ కొద్దిగా కరిగించి ఒకటిగా కలిపేస్తుంది, అందుకే రంగు వేసిన చోట పట్టదు, అక్కడ రంగు గీకేయాలి. సూపర్ గ్లూని మాత్రం కిటికీ ముక్కల దరిదాపులకు రానివ్వకండి, దాని ఆవిరికే అవి తెల్లగా మసకబారిపోతాయి.

స్ప్రే పెయింట్‌కి చెన్నై గాలితోనే పేచీ. ఒక నవంబరులో వాన కాస్త తెరిపిచ్చింది కదా అని పొద్దున్నే మేడ మీదకెళ్లి నల్ల ప్యానెళ్లకు రంగు కొట్టేశాను, పది నిమిషాల్లో విభూతి పూసినట్టు తెల్లగా అయిపోయాయి. స్ప్రే డబ్బాలో ఉండే లాకర్ (lacquer) రంగులో ద్రావకం గబగబా ఆరుతూ ప్లాస్టిక్‌ని చల్లబరుస్తుంది, గాలిలో ఉన్న తేమ వచ్చి ఆ తడి రంగు మీద చేరుతుంది, అంతే. వానలు లేని రోజు చూసుకుని మధ్యాహ్నం, పల్చగా రెండు మూడు కోటింగులు వేయండి. అంత తీరిక లేకపోతే బ్రష్‌తో యాక్రిలిక్ వేసుకోండి, తప్పేం లేదు.

ఇక బంగారం సంగతి. మాడ్యూల్ కింది సగం బంగారంలా మెరుస్తుంది కదా అని దానికి గోల్డ్ పెయింట్ కొడితే పెళ్లి మంటపం స్తంభంలా ఉంటుంది. అసలు దాని మీద ఉన్నది బంగారం కాదు, కాప్టన్ అనే తేనె రంగు ఫిల్మ్, వెనక వైపు అల్యూమినియం పూత. రిచీ స్ట్రీట్‌లో సోల్డరింగ్ సామాను అమ్మే కొట్లో కాప్టన్ టేపు అడగండి, అదే పదార్థం. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని బల్ల మీద పరిచి, మెరిసే వైపు ఈ టేపు బుడగలు రాకుండా అంటించి, రెండింటినీ కలిపి గుప్పిట్లో నలిపి మెల్లగా విప్పండి. పూర్తిగా సాపు చేయకండి, ఆ ముడతలే అందం. నిజం మాడ్యూల్లో కూడా పొరలు ఒకదానికొకటి ఎక్కువగా తగలకుండా, వేడి దాటకుండా లోపలి పొరల్ని చేత్తోనే నలిపారు. తర్వాత ప్యానెల్ సైజుకి కాగితం అచ్చు తీసుకుని, చుట్టూ రెండు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించి, పల్చటి డబుల్ సైడ్ టేపుతో అంటించి, అంచుల్ని టూత్‌పిక్‌తో లోపలికి మడిచేయండి. మొత్తం చుట్టేయొద్దు సుమా, కొన్ని ప్యానెళ్లు నల్లవి, కొన్ని వెండి రంగువి, ఒక్కో అపోలోకి ఒక్కో రకం. మీరు కట్టేది ఏ అపోలోదో దాని ఫొటోలు ముందు పెట్టుకోండి.

కాళ్ల కింద వేలాడే పొడుగాటి సూదులు చిట్టచివర పెట్టండి. నేల తగిలిందని లోపలివాళ్లకు తెలియడానికి పెట్టినవవి. అపోలో 11 కడుతుంటే మూడే పెట్టాలి, దిగేవాళ్లకు అడ్డం కాకుండా నిచ్చెన ఉన్న కాలికి తీసేశారు, కిట్‌లో నాలుగిచ్చినా ఒకటి పక్కన పడేయండి. అసలువి దాదాపు 1.7 మీటర్లు, అంటే మనకు మూడున్నర సెంటీమీటర్లు. ప్లాస్టిక్‌వి రెండుసార్లు విరగ్గొట్టుకున్నాక నేను పాత గిటార్ తీగ ముక్కలు వాడుతున్నాను, సన్నగానూ ఉంటాయి, చెయ్యి తగిలి వంగినా మళ్లీ నిలబడతాయి.