ఆసుల జోడీ పడినా గింజలన్నీ ముందుకు తోసేయకండి

పేకాటలో చేయి తిరిగినవాళ్లే పోకర్‌లో ఎక్కువ పోగొట్టుకుంటారు, మా అనంతపురం వైపు అయితే మరీను. దీనికి కారణం మూడు ముక్కలాట. పండక్కి మిద్దె మీద చాప పరిచి మూడు ముక్కలు ఆడుతూ పెరిగినవాడికి ఆసుల జోడీ పడిందంటే ఆట గెలిచేసినట్టే లెక్క, అక్కడ అది తప్పు కూడా కాదు, ఎందుకంటే మూడు ముక్కలు పంచితే నూటికి 74 సార్లు జోడీ కూడా పడదు. పోకర్‌లో, అంటే అందరూ ఆడే టెక్సాస్ హోల్డెమ్‌లో, చేతిలో రెండు, కింద అందరికీ కలిపి పరిచే ఐదు, మొత్తం ఏడు ముక్కల్లోంచి మంచి ఐదు ఏరుకుంటాం. ఏడు ముక్కలూ చూశాక జోడీ కూడా లేకుండా మిగిలేది నూటికి 17 సార్లే. రెండు జోడీలు పడేవి 23 సార్లకు పైనే. అంటే మీ చేతిలో ఉన్న ఒక్క జోడీ, ఎంత పెద్దదైనా, చివరి దాకా పట్టుకొచ్చేసరికి మామూలు సరుకే.

ఇంకో తిరకాసు ఏంటంటే, మూడు ముక్కల్లో సీక్వెన్స్ (వరస ముక్కలు) కలర్‌ని (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) కొడుతుంది, పోకర్‌లో కలరే సీక్వెన్స్‌ని కొడుతుంది. తెలిసిన సంగతే, కానీ ఊపులో ఉన్నప్పుడు చేతులు పాత లెక్కే వేస్తాయి.

ముందే చెప్తున్నా, ఇదంతా చింతగింజల పోకర్ గురించి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం చేసింది. మనిషికి వంద గింజలు పంచుకోండి చాలు. చెనిక్కాయలతో మాత్రం ఆడొద్దు, మూడో ఆటకల్లా సగం పాట్ (మధ్యలో పోగైన పందెం) తినేస్తారు.

ఇక అసలు విషయం. మీకు ఇస్పేటు ఆసు, డైమన్ రాజు వచ్చాయి. పంచగానే రైజ్ చేశారు (పందెం పెంచారు), ఇద్దరు కాల్ కొట్టారు (వాళ్లూ అంతే వేశారు), పాట్‌లో పది గింజలు చేరాయి. ఫ్లాప్‌లో (కింద మొదట పరిచే మూడు ముక్కల్లో) కళావరు ఆసు, ఆటీను తొమ్మిది, ఆటీను ఎనిమిది. ఆసుల జోడీ, పక్కన రాజు, ఇంకేం కావాలి? ఆరు పెట్టారు, ఒకడు పడేశాడు, చిన్నాయన ఏమీ మాట్లాడకుండా ఆరు వేశాడు. పాట్ 22. టర్న్‌లో (నాలుగో ముక్క) కళావరు నాలుగు. చిన్నాయన చెక్ (ఏమీ పెట్టకుండా ఊరుకున్నాడు), మీరు 12, ఆయన కాల్. పాట్ 46. రివర్‌లో (చివరి ముక్క) ఆటీను రెండు పడింది. ఇంతసేపూ చెక్ చేసి కాల్ కొడుతూ వచ్చిన మనిషి ఇప్పుడు మీరు నోరు తెరిచేలోపే 40 గింజలు లెక్కపెట్టి మధ్యలోకి నెట్టాడు.

పాట్ 86 అయింది, చూడాలంటే మీరు 40 వేయాలి. మొత్తం 126లో మీ వాటా 40 కాబట్టి, ఇలాంటివి మూడు సార్లు జరిగితే కనీసం ఒకసారైనా మీరు గెలిస్తేనే ఈ కాల్ గిట్టుబాటు. ఇప్పుడు ఒకే ప్రశ్న: చిన్నాయన ఇలా మూడు సార్లు పెడితే ఒకసారైనా బ్లఫ్ (ఉత్త బెదిరింపు) అవుతుందా? జీవితంలో కాదు. ఆటీను కలరో, తొమ్మిదులూ ఎనిమిదులూ కలిసిన రెండు జోడీలో ఉంటాయి. పడేయండి.

"ఇంత పెట్టాక ఇప్పుడెట్లా వదిలేది" అంటారు చూడండి, అక్కడే మునిగేది. పెట్టింది ఇక మీది కాదు, పాట్‌ది. పైగా లెక్క చూస్తే ఈ ఆటలో అప్పటిదాకా మీరు చేసింది కరెక్టే. ఆయన చేతిలో రెండు ఆటీన్లు ఉన్నాయనుకుంటే, టర్న్‌లో చిన్నాయనకు కనబడని ముక్కలు 46, వాటిలో ఆటీన్లు 9, అంటే నూటికి 20 సార్లు కూడా కలర్ పడదు. అందుకోసం ఆయన 34 గింజల పాట్‌కి 12 వేశాడు, నూటికి 26 సార్లు పడితే తప్ప ఆ కాల్ కిట్టదు. అంటే నష్టానికే కాల్ కొట్టాడు. కానీ కలర్ పడ్డాక మీరు ఆ 40 కూడా ఇస్తారని తెలిస్తే, పడినప్పుడల్లా ఆయనకు 34 బదులు 74 వస్తాయి, అదే చెడ్డ కాల్ లాభాల కాల్ అయిపోతుంది. మొండితనంతో కొట్టే చివరి కాల్ ఎదుటివాడి తప్పును కూడా దిద్దిపెడుతుంది.

కాబట్టి ముందు గట్టిగా పెట్టండి, చివర్లో వదలడానికి రెడీగా ఉండండి. మనవాళ్లు చేసేది సరిగ్గా తలకిందులు: ఆసులు వచ్చాయని దాచిపెట్టి, అందరికీ ఉచితంగా ముక్కలు చూపించి, చివర్లో అన్నీ తోసేస్తారు. చేతిలోనే రెండు ఆసులు వచ్చేది 221 ఆటలకు ఒకసారి. ఏవో ముక్కలు పట్టుకున్న ఒక్కడి మీద అవి నూటికి 85 సార్లు గెలుస్తాయి, నలుగురి మీదైతే 56కి పడిపోతాయి. అందుకే మొదట్లోనే రైజ్ చేసి జనాన్ని తగ్గించాలి.

ఎన్ని గింజలు మిగిలాయో కూడా చూసుకోవాలి. ఫ్లాప్ పడేసరికి పాట్‌లో పది ఉండి మీ దగ్గర ఇరవయ్యే మిగిలితే పై జోడీతో (కింద ముక్కల్లో అన్నిటికన్నా పెద్దదానితో కలిసిన జోడీ) అన్నీ పెట్టేయొచ్చు, తప్పేం లేదు. అదే పాట్‌కి మీ ముందు రెండు వందలుంటే అవన్నీ ఒక్క జోడీ మీద పోవడం అన్యాయం. అంత పెద్ద పందెం వేసి ఎదుటివాడు జోడీ చూపించడం చాలా అరుదు.

కింద ముక్కల్లో జోడీ పడితే మీ కలర్ మీద అనుమానం పెంచుకోండి, కలర్‌ని కొట్టే ఫుల్ హౌస్‌కి (ఒకే రకం మూడు, పక్కన ఒక జోడీ) దారి తెరుచుకుంది. కింద నాలుగు ఆటీన్లు ఉండి మీ దగ్గర ఆటీను ఆరు ఉంటే దాన్ని కలర్ అని గొప్పలు పోవద్దు, అంతకన్నా పెద్ద ఆటీను ఒక్కటి ఎవరి దగ్గరున్నా ఓడినట్టే. చేతిలో జోడీ ఉండి ఫ్లాప్‌లో మూడోది కలిస్తే మాత్రం, అది ఎనిమిది తొమ్మిది సార్లకు ఒకసారే కాబట్టి, మరీ భయపడకుండా ఆడండి. దాని మీద కూడా పెద్దది పడి పోతే పోయింది, టీ తాగి తర్వాతి ఆట పంచండి.

అదే నలభై గింజలు బెంగళూరు నుంచి సెలవులకొచ్చిన బామ్మర్ది పెడితే లెక్క వేరు. వాడు రెండు ఆటలకోసారి ఉత్త చేతులతో బెదిరించే రకం, పైగా బ్లఫ్ కొట్టేటప్పుడు ఫోన్ తీసి చూస్తాడు. వాడికి కాల్ కొట్టండి.