కణితిలోని చల్లని చోటు: లోహపు గింజలతో వేడి చికిత్సకు ఎలా సిద్ధం కావాలి

ఈ పనిలోకి కొత్తగా వచ్చే భౌతికశాస్త్ర విద్యార్థులు నన్ను మొదట అడిగే ప్రశ్న, గింజ ఎంత వేడెక్కుతుందని. గింజకూ గింజకూ మధ్య ఉన్న కణజాలం ఎంత చల్లగా మిగిలిపోయిందో చూడమంటాను నేను. కాన్సర్ మళ్లీ తలెత్తితే అక్కడి నుంచే తలెత్తుతుంది.

గింజ అంటే కాన్సర్ కణాలను వేడితో చంపడానికి కణితిలో గుచ్చే, సుమారు ఒక మిల్లీమీటరు మందాన, సెంటీమీటరో రెండో పొడవున ఉండే లోహపు పుల్ల. రోగి చుట్టూ అమర్చిన తీగచుట్టలో అధిక పౌనఃపున్య విద్యుత్తు పారించినప్పుడు పుట్టే అయస్కాంత క్షేత్రం, గింజలో సుడి ప్రవాహాలను, అంటే లోహంలోనే సుళ్లు తిరిగే విద్యుత్తును, రేపి దాన్ని వేడెక్కిస్తుంది. గింజకు తీగలేవీ తగిలించనక్కర్లేదు.

మొదట మిశ్రలోహాన్ని ఎంచుకోవాలి. స్వచ్ఛమైన నికెల్ సుమారు 358 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయస్కాంత గుణాన్ని పోగొట్టుకుంటుంది. అందులో 30 శాతం దాకా రాగి కలిపితే ఆ హద్దు చికిత్సకు పనికొచ్చేంత కిందికి దిగుతుంది. హద్దును సమీపించేకొద్దీ గింజ వేడి పుట్టించడం తగ్గించుకుంటుంది. నికెల్ ఒంటికి పడదు కనుక పూత తప్పనిసరి. పల్లాడియం, కోబాల్ట్ కలిపిన గింజలు తుప్పును బాగా తట్టుకుంటాయి. కణితిలో 43 డిగ్రీలు కావాలి కదా అని 43 దగ్గరే ఆగిపోయే గింజను మాత్రం తీసుకోకండి. గింజను దాటి కొన్ని మిల్లీమీటర్లు వెళ్లేసరికే వేడి పడిపోతుంది, రక్తం దాన్ని పట్టుకుపోతుంది. హద్దు అంతకంటే చాలా పైన ఉండాలి.

గింజలను సుమారు సెంటీమీటరు ఎడంతో, ఒకదానికొకటి సమాంతరంగా, క్షేత్రం దిశలోనే నిలపాలి. ఇది నాకు కణజాలానికి బదులుగా పరీక్షకు వాడిన అగర్ జెల్ ముద్ద నేర్పిన పాఠం. పదహారు గింజలు గుచ్చి కరెంటు ఇచ్చాను. ఒక మూల 40 డిగ్రీలు దాటలేదు. తీగచుట్టను, విద్యుత్ యంత్రాన్ని, ఉష్ణమాపకాన్ని వరుసగా అనుమానించాను. పూటంతా గడిచాక జెల్‌ను చాకుతో నిలువుగా కోస్తే, ఒక గింజ సూది చీల్చిన దారిలో జారి దాదాపు అడ్డంగా పడుకుని ఉంది. సన్నని పుల్ల పొడవు దిశలో సులువుగా అయస్కాంతమవుతుంది, అడ్డంగా పడితే అంతగా స్పందించదు. ఆనాటి నుంచి రెండు కోణాల్లో ఎక్స్‌రే తీసి, ప్రతి గింజ వాలునూ కొలిచాకే మీట నొక్కుతున్నాను.

కొలవడానికి గాజునార ఉష్ణమాపకాలు వాడండి. లోహపు తీగలవి ఆ క్షేత్రంలో తామే వేడెక్కి తప్పుడు అంకె చూపిస్తాయి. వేరే దారి లేకపోతే కరెంటును ఒక్క క్షణం ఆపి అంకె చదవండి. ఒక కొనను గింజల మధ్య, ఇంకొకటి కణితి అంచున, మరొకటి పెద్ద రక్తనాళం పక్కన ఉంచండి. వీటిలో అతి తక్కువ అంకెతోనే లెక్క కట్టాలి. 43 డిగ్రీల దగ్గర 60 నిమిషాల పని 44 దగ్గర 30 నిమిషాల్లో అయిపోతుంది. 42 దగ్గర అదే పనికి నాలుగు గంటలు కావాలి. ఒక్క డిగ్రీ తగ్గిన మూల గురించి నేను అంతగా పట్టుబట్టేది ఇందుకే.

చికిత్స రోజున ఉంగరాలు, తలపిన్నులు, బెల్టు తీయించండి. పేస్‌మేకర్ ఉన్నవారికి ఈ చికిత్స వద్దు. లోపల మరే లోహం ఉన్నా డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకండి. ఎక్కడైనా చురుక్కుమంటే వెంటనే చెప్పమని రోగికి ముందే చెప్పండి. చెప్పిన మరుక్షణం ఆపండి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు. ఈ వేడిని రేడియేషన్‌కు తోడుగా ఇస్తారు, ఇది ఒక్కటే చాలదని కుటుంబానికి కూడా తెలియాలి. బతికిన కణాలు రెండు మూడు రోజులు వేడికి మొండికేస్తాయి కనుక మరుసటి విడతకు ఆ వ్యవధి ఇవ్వండి. గింజలు ఒంట్లోనే ఉండిపోతే, ఎంఆర్ఐకి ముందు ఆ సంగతి చెప్పాలని రాసిన కార్డు రోగి చేతికి ఇచ్చి పంపండి.