విదేశాలలోని జపాన్ తరహా చౌక దుకాణాలలో కొనుగోలు చేసే విధానం

జపాన్‌లో చాలా వస్తువులను పన్ను కాక 100 యెన్లకు అమ్మే డైసో, ఇతర దేశాలలో సాధారణంగా అంతకంటే ఎక్కువ ధరే వసూలు చేస్తుంది కాబట్టి, ప్యాకెట్టు మీది యెన్ల అంకెను నమ్ముకోకుండా, ముందుగా దుకాణంలో పెట్టిన స్థానిక ధరల పట్టికను చూడాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలలో అమ్మకపు పన్ను బిల్లులో అదనంగా పడుతుంది.

నా దృష్టిలో ఇక్కడ తప్పక కొనదగినవి వంటింటి డబ్బాలు, సర్దుకునే బుట్టలు, కాగితాలు, కలాలు. జపాన్ మార్కెట్టుకు తయారైన ప్లాస్టిక్ డబ్బా అడుగున అతికించిన చీటీలో గిన్నెకూ మూతకూ వేర్వేరుగా ప్లాస్టిక్ రకం, తట్టుకోగల ఉష్ణోగ్రత రాసి ఉంటాయి. గిన్నె 140 డిగ్రీలు తట్టుకున్నా, మూత తరచుగా అంత వేడికి ఆగదు కనుక, మైక్రోవేవ్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే ఆ రెండు అంకెలనూ చదివి తీరాలి. సొరుగులో పెట్టే బుట్టలకైతే ఇంటి దగ్గరే సెంటీమీటర్లలో లోపలి కొలత తీసుకుని వెళ్లడం మంచిది, ఎందుకంటే ఒకే నమూనాలో స్వల్ప తేడాలతో అనేక పరిమాణాలు దొరుకుతాయి.

జపాన్ గృహ విద్యుత్తు 100 వోల్టులు; ప్లగ్గు ఉన్న వస్తువు మీద స్థానిక వోల్టేజీ కనబడకపోతే వదిలేయండి. అన్నట్టు, ఇదే కోవలో కనిపించే మినిసో చైనా సంస్థ. అక్కడ ఒకే ధర పద్ధతి ఉండదు, ప్రతి చీటీనీ విడిగా చూసుకోవాలి.