మునిమాపు వేళ ఏటి గట్టు ఊరిని ఫొటో తీయడం ఎలా?

కర్నూలు ఘాట్ల మెట్ల మీద సాయంత్రమైతే ఫోన్లు, కెమెరాలు పట్టుకున్నవాళ్ళు కనపడుతూనే ఉంటారు. పొద్దు కుంగుతున్నంతసేపు ఆపకుండా తీస్తారు. ఎర్రటి బిళ్ళ కనుమరుగు కాగానే సంచి సర్దుకుని ఇంటిదారి పడతారు. ఊరు, ఏరు, దీపాలు మూడూ ఒక్క ఫొటోలో కుదిరే సమయం అప్పటికింకా మొదలే కాదు. ఆగిన కొద్దిమందీ కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేసి, దీపాలను తెల్లటి మచ్చలుగా, ఆకాశాన్ని బూడిదరంగుగా మార్చుకుని వెళ్తారు. ఆ కాసేపట్లో ఏం చేయాలో తెలిస్తే తుంగభద్ర గట్టునైనా, చెరువు కట్ట మీదైనా, కోస్తాలో చేపల రేవు దగ్గరైనా పని ఒకటే.

సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. లావు కాళ్ళ ట్రైపాడ్, 24 నుంచి 70 మి.మీ. దాకా వెళ్ళే లెన్స్, చిన్న టార్చి, మెత్తటి గుడ్డ చాలు. లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంటే తీసి జేబులో వేసుకోండి. దీపాల వెలుగు ఆ చదును అద్దానికీ లెన్స్‌కూ మధ్య తిరిగి, ఫొటోలో ఇంకోపక్క తలకిందులుగా పచ్చటి చుక్కలై పడుతుంది. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఈ పనికి అసలే వద్దు. అది వెలుతురును ఒకటిన్నర, రెండు స్టాపులు మింగుతుంది (ఒక స్టాపు తగ్గడమంటే వెలుతురు సగం కావడం), పైగా మనకు కావలసిన నీటి మెరుపునే తీసేస్తుంది.

వెళ్ళవలసింది అక్టోబరు, జనవరి మధ్య. వానాకాలపు ఎర్రనీళ్ళు అప్పటికి తేటపడతాయి, ఏట్లో నీళ్ళూ ఉంటాయి. వేసవిలో వెళ్తే రాళ్ళూ మడుగులే దొరుకుతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి నీటిని కుదురుగా ఉండనివ్వదు.

కర్నూలు తుంగభద్రకు దక్షిణపు గట్టున ఉంది. ఊళ్ళో ఘాటు మీద నిలబడితే అవతలి గట్టు కనపడుతుంది కానీ ఊరు కనపడదు. ఊరు కావాలంటే వంతెన దాటి ఉత్తరపు గట్టుకు పోవాలి. చలికాలంలో పొద్దు నేరుగా పడమట కాకుండా దక్షిణానికి జరిగి కుంగుతుంది. డిసెంబరు చివర ఆ జరుగుడు 24 డిగ్రీల దాకా ఉంటుంది. అందువల్ల ఉత్తరపు గట్టు మీది నుంచి చూస్తే ఆకాశంలో మిగిలిన రంగు కుడివైపున, ఊరి మీదికి వాలి ఉంటుంది. జూన్‌లో పొద్దు ఉత్తరానికి జరిగి మీ కుడి భుజం వెనక కుంగుతుంది. అప్పుడు గోడల మీద ఎండ బాగుంటుంది కానీ, ఊరి వెనక ఆకాశం వట్టిపోతుంది.

ట్రైపాడ్‌ను వంతెన మీద మాత్రం పెట్టొద్దు. లారీ పోయిన ప్రతిసారీ వంతెన అదురుతుంది, రెండు సెకన్ల ఫొటోలో ప్రతి దీపమూ రెండుగా పడుతుంది. గట్టున వీలైనంత కిందికి దిగండి. కెమెరా నీటికి దగ్గరయ్యేకొద్దీ చూపు నీటి మీద ఏటవాలుగా పడుతుంది, ప్రతిబింబం కాంతివంతంగా వస్తుంది, మధ్యలో బురద కూడా తక్కువ కనపడుతుంది. అయితే ఇసుక తిన్నెల మీదికి దిగేముందు గట్టున ఉన్న జాలర్లను ఒక మాట అడగండి. పైన సుంకేసుల బ్యారేజీలో గేట్లెత్తితే నీళ్ళు పెరుగుతాయి. చీకట్లో అది తెలియదు.

పొద్దు మునగడానికి అరగంట ముందే చేరాలి. నవంబరు మధ్యలో కర్నూలులో పొద్దు 5:40 దాటాక మునుగుతుంది, జనవరి మధ్యలో ఆరు దాటాక. ట్రైపాడ్ కాళ్ళను తడి ఇసుకలోకి గట్టిగా నొక్కండి. లేకపోతే మెల్లగా దిగిపోతూనే ఉంటాయి. కెమెరాను మట్టం చేసేటప్పుడు అవతలి గట్టు గీతను నమ్మకండి. ఏరు మనకు ఐమూలగా ఉన్నప్పుడు గట్టు గీత వాలుగానే కనపడాలి. దాన్ని బలవంతంగా చదును చేస్తే మేడలన్నీ ఒరిగిపోతాయి. దీపస్తంభమో మేడ అంచో నిటారుగా ఉందా అని చూడండి. వెలుతురు ఉండగానే ఊరి మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, ఇక ఆ రింగు ముట్టుకోకండి. లెన్స్‌లో కుదుపు తగ్గించే స్విచ్ ఉంటే ఆపండి. టైమర్ రెండు సెకన్లు, అపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్8, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఫైలు రా (RAW) రకం. వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర పెట్టి వదిలేయండి. ఆటోలో ఉంచితే ఒక్కో ఫొటో ఒక్కో రంగులో వస్తుంది. దీపాలు నక్షత్రాల్లా విచ్చుకోవాలని ఎఫ్16 పెట్టేవాళ్ళున్నారు. దానివల్ల ఫొటో మెత్తబడుతుంది, షట్టర్ తెరిచి ఉంచవలసిన సేపు నాలుగింతలవుతుంది. ఎఫ్8 దాటొద్దు.

పుట్టి (గుండ్రటి చిన్న పడవ) మీద జాలరి కావాలంటే ఆ ఫొటో ఇప్పుడే తీసుకోవాలి. పుట్టి ఒకచోట నిలవదు, గుండ్రంగా తిరుగుతూ పోతుంది. దానికి సెకనులో 125వ వంతు షట్టరైనా కావాలి. మునిమాపులో అంత వెలుతురు ఉండదు.

అందరూ చెడగొట్టే ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. పొద్దు మునిగినప్పటి నుంచి ఆకాశపు వెలుతురు దాదాపు ప్రతి మూడు నిమిషాలకూ సగమవుతుంది. దీపాలు మాత్రం మారవు. వీధి దీపం ఆరింటికి ఎంత వెలుగు ఇస్తుందో ఏడింటికీ అంతే. ఒకటి కరుగుతోంది, ఇంకొకటి నిలిచి ఉంది. ఆటోలో ఉన్న కెమెరాకు ఆ తేడా తెలియదు. ఫ్రేములో ఎక్కువ భాగం ఆకాశమూ నీళ్ళూ కాబట్టి, అవి నల్లబడుతున్నాయని షట్టర్‌ను పెంచుకుంటూ పోతుంది. ఆకాశం ప్రతి ఫొటోలోనూ అదే బూడిదరంగులో ఉంటుంది, దీపాలు ఫొటో ఫొటోకూ ఉబ్బిపోతాయి. చేత్తో పెట్టేవాళ్ళు కూడా వెలుతురు కొలిచే మీటరు సూచిని మధ్యలో ఉంచుకుంటూ ఇదే తప్పు చేస్తారు.

చేయవలసింది దీనికి తలకిందులు. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలోకి వదిలే వెలుతురును, దీపాలకు కట్టేయాలి, ఆకాశం దాని దగ్గరికి దిగి వచ్చేదాకా ఆగాలి.

దీపాలకు కట్టడమంటే బల్బుకు కాదు. బల్బు ఎలాగూ తెల్లబడుతుంది, పడనివ్వండి. దీపపు వెలుగు పడుతున్న గోడను చూడాలి. దీపాలు వెలగగానే రెండు సెకన్లతో ఒక ఫొటో తీసి, ఆ గోడ దగ్గర తెరను పెద్దది చేయండి. గోడ రంగు, కిటికీ చువ్వలు కనపడాలి. తెల్లగా పేలి ఉంటే ఒక సెకనుకు తగ్గించండి, మసకగా ఉంటే నాలుగుకు పెంచండి. సాధారణంగా ఒకటికీ నాలుగుకూ మధ్యలోనే కుదురుతుంది. కుదిరాక ఆ అంకె మారదు. ఆ క్షణానికి ఆకాశం తెల్లగా పాలిపోయి కనపడుతుంది. కంగారుపడి షట్టర్ తగ్గించకండి. ఆగండి. మూడు నిమిషాలకు లేత నీలం వస్తుంది, ఇంకో మూడు నిమిషాలకు చిక్కబడుతుంది. వెలుగు పడ్డ గోడకంటే ఆకాశం ఒక మెట్టు నల్లగా అయినప్పుడు నొక్కడం మొదలుపెట్టి, అరనిమిషానికి ఒకటి చొప్పున తీయండి. మీకున్నది ఐదారు నిమిషాలు. పది పన్నెండు ఫొటోలు వస్తాయి, వాటిలో ఒకటి మంచిదవుతుంది.

బయటిదేశాల పాఠాలు చదివినవాళ్ళు ఈ నీలపు వేళ గంటసేపు ఉంటుందనుకుని టీ తాగడానికి పోతారు. లండన్ లాంటి చోట పొద్దు బాగా ఏటవాలుగా దిగుతుంది, చీకటి సాగుతుంది. మనం 15, 16 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. ఇక్కడ పొద్దు దాదాపు నిట్టనిలువుగా పడిపోతుంది. పొద్దు మునిగాక ఇరవై మూడు నిమిషాలకల్లా ఆకాశంలో పని ముగుస్తుంది.

ఒకే ఒక్క చిక్కు, వీధి దీపాలు ఆలస్యంగా వెలగడం. ఆకాశం నల్లబడ్డాక దీపాలొస్తే ఆ రోజుకు చేయగలిగింది లేదు. అందుకని ముందురోజు కెమెరా లేకుండా వెళ్ళి, ఏ వైపు దీపాలు ఎన్నింటికి వెలుగుతున్నాయో రాసుకోండి. పడమట మబ్బు పట్టి ఉంటే ఆకాశం నాలుగైదు నిమిషాలు ముందే దిగిపోతుంది.

ఇంత ఓపిక ఎందుకు, మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలిపేస్తే సరిపోదా అంటారు. సరిపోదు. షట్టర్ తెరిచి ఉన్న సేపును బట్టి నీటి మీద దీపపు చార మారుతుంది. మూడు ఫొటోలలో మూడు రకాల చారలుంటాయి, కలిపితే నీళ్ళు గరుకుగా వస్తాయి, మేడల అంచుల చుట్టూ తెల్లటి గీత పడుతుంది. రెండు సెకన్ల ఒక్క ఫొటోలో చిన్న అలలు సర్దుకుని, దీపాలు పొడుగు దారాల్లా నీటి మీదికి దిగుతాయి. దానికి ప్రత్యామ్నాయం లేదు.

ఫోన్‌తో తీసేవాళ్ళు నైట్ మోడ్ వదిలి ప్రో మోడ్‌కు రండి. నైట్ మోడ్ బోలెడు ఫొటోలను అతికించి నీటిని మైనపు ముద్దలా చేస్తుంది. ఫోన్ అపర్చర్ ఎఫ్1.8 చుట్టుపక్కల ఉంటుంది, మారదు. కాబట్టి కెమెరాలో రెండు సెకన్లకు బదులు ఐఎస్ఓ 100 దగ్గర సెకనులో పదోవంతు పెట్టి మొదలుపెట్టండి. మిగతా పద్ధతంతా అదే. లెన్స్‌ను ముందు తుడవండి. వేలిముద్ర ఉంటే ప్రతి దీపానికీ పొడవాటి తోక వస్తుంది.

దీపాలు తక్కువ ఉన్న చోట ఈ లెక్క పనిచేయదు. పుష్పగిరి దగ్గర పెన్న ఇవతలి నుంచి గుళ్ళను తీయాలంటే ఆకాశానికే ఎక్స్‌పోజర్ పెట్టి, గోపురాన్ని నల్లటి రేఖగా వదిలేయాలి. దాన్ని వెలిగించబోతే రాయి బూడిదలా తేలుతుంది. గండికోట లోయ ఇంకో రకం. పైన రాతిగోడ మీద ఎండ ఉండగా అడుగున నీళ్ళు నీడలోనే ఉంటాయి. అక్కడ గోడకే పెట్టి, నీటిని నల్లగానే ఉండనివ్వాలి. పోలరైజర్‌ను లెన్స్‌కు తగిలించవలసిన చోటు కూడా అదే.

కంప్యూటర్ మీద దిద్దేటప్పుడు నీటిలోని ఆకాశం పై ఆకాశంకంటే ఎప్పుడూ కొంచెం నల్లగానే ఉండాలి. నీరు తన మీద పడ్డ వెలుతురంతా తిరిగి ఇవ్వదు. కింది సగాన్ని పైదానికంటే వెలిగిస్తే, కారణం చెప్పలేకపోయినా చూసిన ప్రతివాళ్ళూ ఏదో తేడాగా ఉందంటారు. నీడలు పెంచే బొత్తాన్ని 20 దాటనివ్వకండి.