కడుపుతో ఉన్నప్పుడు ఇల్లు మారాల్సి వస్తే: ఫెంగ్‌షుయ్ (చైనా వాస్తు) నమ్మేవాళ్ళు ఏం చేస్తారు

హాంకాంగ్, తైవాన్, సింగపూర్, మలేషియాల్లోని చాలా చైనీస్ కుటుంబాల్లో గర్భిణి ఉన్న ఇంట్లో మేకు కొట్టనివ్వరు, డ్రిల్లింగ్ చేయనివ్వరు, మంచం జరపనివ్వరు. కారణం 'థాయ్ షెన్', అంటే కడుపులో బిడ్డను కాచే దేవత. ఆ దేవత రోజుకో చోట ఉంటుందని, ఆ చోటును కదిలిస్తే బిడ్డకు కీడని నమ్మకం. ఒకరోజు తలుపు దగ్గర, ఇంకోరోజు పొయ్యి దగ్గర, మంచం దగ్గర, ఇలా 60 రోజుల చక్రం. ఏ రోజు ఎక్కడో వాళ్ళ పంచాంగం 'తుంగ్ షింగ్'లో రాసి ఉంటుంది.

మారక తప్పదంటే ముందు అందులో మంచి రోజు చూసుకోండి. సామాను కదిపే ముందు కొత్త చీపురుతో మంచం కింద, మూలల్లో ఒకసారి ఊడ్చాలి, దేవతను పక్కకు జరగమని చెప్పడం అన్నమాట. సర్దేటప్పుడు గర్భిణి అక్కడ ఉండకూడదు, వేరే ఇంట్లో ఉండి అంతా అయ్యాక నేరుగా కొత్తింటికి వెళ్ళాలి. మంచం మీద కత్తెర, సూది వాడొద్దంటారు.

వీటికి శాస్త్రీయ ఆధారం లేదు. కానీ బరువులెత్తకుండా, దుమ్ముకీ పెయింట్ వాసనకీ దూరంగా ఉండటం ఎలాగూ మంచిదే, కాబట్టి అత్తగారు పట్టుబడితే గొడవెందుకు, వినేయండి. మన దగ్గరా కడుపుతో ఉంటే గృహప్రవేశం వద్దనే పెద్దలు ఉన్నారుగా! డాక్టర్ ఫైలు, రిపోర్టులు మాత్రం లారీలో వేయకండి, మీ చేతి సంచీలోనే ఉంచుకోండి.