టిల్లర్ బరువెక్కితే 420 రిగ్‌ని ఎలా సర్దుకోవాలి

జూలైలో హుస్సేన్‌సాగర్ మీద గాలి ఒక తీరుగా ఉండదు. ఖైరతాబాద్ వైపు భవనాల మీదుగా వచ్చేసరికి చెదిరిపోయి, కాసేపు మామూలుగా వీచి, ఉన్నట్టుండి గస్ట్‌గా విరుచుకుపడుతుంది. అలాంటప్పుడు 420 (ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ) నడిపే పిల్లలు రెండు చేతులతో టిల్లర్‌ని (చుక్కానిని తిప్పే కర్ర) తమవైపు లాక్కుంటూ కనిపిస్తారు. కోచ్ బోటు పక్కకు పోనిచ్చి నేను ముందు చెప్పేది ఒకటే: టిల్లర్‌తో కుస్తీ పట్టొద్దు. బోటు ముక్కు గాలివైపు తిరగాలని చూస్తోంది. దీన్నే వెదర్ హెల్మ్ అంటాం. చుక్కానిని అడ్డంగా పెట్టి ఆపితే, ఆ చుక్కానే బ్రేకు అవుతుంది.

రిగ్ జోలికి, అంటే మాస్ట్ (తెరచాప స్తంభం), తెరచాపలు, వాటి తాళ్ల జోలికి వెళ్లే ముందు బోటు ఎంత ఒరిగిందో చూడండి. ఒరిగిన బోటులో తెరచాప తోసే బలం పక్కకు జరిగి, ముక్కును గాలిలోకి తిప్పేస్తుంది. క్రూ (బోటులో రెండోవాడు) ట్రపీజ్ (మాస్ట్ నుంచి వేలాడే తీగ) మీద పూర్తిగా చాచుకున్నాడా, హెల్మ్ (టిల్లర్ పట్టేవాడు) బాగా బయటికి వాలి కూర్చున్నాడా అన్నది ముందు తేల్చుకోండి. చాలాసార్లు సగం బరువు ఇక్కడే తగ్గిపోతుంది.

తర్వాత మెయిన్, అంటే వెనకున్న పెద్ద తెరచాప. కన్నింగ్‌హామ్ (తెరచాప ముందు అంచును కిందికి లాగే తాడు) గట్టిగా లాగితే తెరచాప పొట్ట ముందుకు జరుగుతుంది, పైభాగం తెరుచుకుని గాలిని వదిలేస్తుంది. అవుట్‌హాల్ (తెరచాప కింది మూలను బూమ్ చివరకు, అంటే కింది అడ్డ కర్ర చివరకు లాగే తాడు) బిగిస్తే కింది భాగం చదునవుతుంది. వ్యాంగ్ (బూమ్‌ను కిందికి లాగే తాడు) బిగిస్తే మాస్ట్ వంగి మెయిన్ పలచబడుతుంది. పైగా షీట్ (తెరచాపను లాగి పట్టే తాడు) వదిలినప్పుడు బూమ్ పైకి లేవకుండా పక్కకే వెళ్తుంది. గస్ట్ తగలగానే వదలాల్సింది మెయిన్ షీట్‌ని, జిబ్‌ని (ముందున్న చిన్న తెరచాప) కాదు. కంగారులో జిబ్ వదిలేస్తే ముక్కును గాలి నుంచి దూరంగా తిప్పే బలం పోతుంది, వెనక మెయిన్ ఒక్కటే తోస్తుంది, టిల్లర్ ఇంకా బరువెక్కుతుంది. జిబ్ లీడ్ (జిబ్ షీట్ వెళ్లే కప్పీ) మాత్రం ఒక రంధ్రం వెనక్కి జరపండి, పైభాగం కాస్త తెరుచుకుంటుంది.

ఇక మాస్ట్ రేక్, అంటే మాస్ట్ వెనక్కి ఎంత వాలిందన్నది. ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. మాస్ట్‌ని వెనక్కి వాలిస్తే తెరచాపల బలం కూడా వెనక్కి జరుగుతుంది కాబట్టి వెదర్ హెల్మ్ పెరగాలి కదా అని పిల్లలు అడుగుతారు. ప్రశ్న సరైనదే. అయినా పెద్ద గాలిలో వాలుస్తాం, ఎందుకంటే మెయిన్ వెనక అంచు తెరుచుకుని పైనున్న అదనపు బలం పోతుంది, బోటు ఒరగడం తగ్గుతుంది. వెనక్కి జరిగిన బలానికి జోడీగా సెంటర్‌బోర్డును (బోటు కింద నీటిలోకి దిగే పలక) కొద్దిగా పైకి లేపాలి. 420లో అది ఇరుసు మీద తిరిగే బోర్డు, కాబట్టి లేపితే దాని కొన వెనక్కి వెళ్తుంది, నీటి పట్టు కూడా వెనక్కి జరుగుతుంది. రెండూ కలిసి కదిలితేనే బ్యాలెన్స్ వస్తుంది. రేక్ మార్చి బోర్డును మరిచిపోతే చేసిన పని సగమే.

రేక్ పని గట్టు మీదే చేయాలి. మెయిన్ హాల్‌యార్డ్‌కి (తెరచాపను పైకెత్తే తాడు) కొలత టేపు కట్టి మాస్ట్ కొస దాకా ఎత్తి, జిబ్‌ని నడిపే టెన్షన్‌లోనే ఉంచి, ట్రాన్సమ్ (బోటు వెనక పలక) పై అంచు మధ్య దాకా కొలవండి. తర్వాత జిబ్ హాల్‌యార్డ్ వదులు చేసి, రెండు ష్రౌడ్‌లనూ (మాస్ట్‌ను రెండు పక్కలా పట్టే తీగలు) సమానంగా ఒక్కో రంధ్రం పొట్టి చేసి, మళ్లీ బిగించి మళ్లీ కొలవండి. అంకె తగ్గితే మాస్ట్ వెనక్కి వాలినట్టు. ఆ రోజు గాలి ఎలా ఉందో దాని పక్కనే రాసుకోండి. ఇలా పోగైన పుస్తకం విలువ వేరు.

నీళ్ల మీద పరీక్ష సులువు. గాలికెదురుగా నడుస్తూ, బోటును చదునుగా ఉంచి, టిల్లర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని కాస్త వదలండి. ముక్కు మెల్లగా గాలివైపు తిరగాలి. ఆ కొద్దిపాటి లాగుడు కావాలి, చేతికి బోటు ఏం చేస్తోందో తెలిసేది దానివల్లే. జర్రున తిరిగితే బోర్డు ఇంకొంచెం లేపండి. గాలి నుంచి దూరంగా జారితే ఎక్కువ లేపేసినట్టు, దించండి.

ఇంకొక్క మాట. పై మార్క్ (రేసులో గాలి వచ్చే వైపున్న గుర్తు) దగ్గర తిరిగే ముందే వ్యాంగ్ వదలండి. బిగించి ఉంచి గాలి నుంచి దూరంగా తిప్పితే మెయిన్ గాలిని వదలదు, బూమ్ చివర నీటిలో తగులుతుంది, అప్పుడిక ఏ రిగ్ సర్దుబాటూ బోటు పల్టీ కొట్టకుండా ఆపలేదు.